కవరు అతికించే ముందు

ఇబ్రహీంపట్నం,
ఫిబ్రవరి 2007

నా చేతుల్లో పెరిగిన బంగారు తల్లి శ్రీసుధకు మాణిక్యమ్మ చెప్పి రాయించేది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో ఇవాళ ఒక మాట అంటారు, రేపు అనలేదంటారు. కాగితం మీద పడ్డ మాట ఎక్కడికీ పోదు. చదువు రానిదాన్ని కాబట్టే నాకు కాగితం కావాలి.

ఇది రాస్తున్నది హిమజ, మా మరిది కొడుకు కొండల్ పెళ్ళాం. ఇంటరు చదివింది. నేను 'వచ్చిన' అంటే 'వచ్చాను' అని రాస్తుంది. ఉత్తరం పుస్తకంలో ఉన్నట్టుండాలట. సరే, నా మాటలు ఎలాగైనా దిద్దుకో, ఇతరులు అన్న మాటలు మాత్రం అన్నట్టే పెట్టాలని ఒప్పించాను. అయినా నమ్మను. ఈమె రాసిందాన్ని బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం భిక్షంతో చదివించి, నేను చెప్పింది చెప్పినట్టు ఉందని విన్నాకే కవరు అతికిస్తాను.

ఇక నా కేసు. నీకు తెలిసిందే అయినా మొదటినుంచి చెప్తాను. మా పది ఇళ్ళకూ కలిపి ఒకటే బోరు. రోజుకొక ఇల్లు నీళ్ళు పెట్టుకోవాలి. ఇన్నేళ్ళూ ఆ వంతులు నా నోటి మీదే నడిచాయి. మీ అమ్మ అరుణకుమారి టీచరుగా వచ్చి మా ఇంట్లో అద్దెకున్న రోజుల్లో నువ్వు పలక ఒళ్ళో పెట్టుకుని "రేపు ఎవరిది అమ్మమ్మా?" అని అడిగేదానివి. నేను చెప్తే నువ్వు అరుగు మీద నిలబడి ఊరంతా వినేలా అరిచేదానివి.

ఆ నోటి మీద ఇప్పుడు నమ్మకం పోయింది. బోరులో నీళ్ళు తగ్గాయి, భూముల ధరలు లేచాయి, మనుషుల చూపు మారింది. బొంగులూరు దగ్గర ప్లాట్లు వేసేవాళ్ళ తెల్ల కార్లు మా గట్ల దాకా వస్తున్నాయి. మొన్న నా తర్వాతి వంతువాడు మల్లా అందరి ముందూ అన్నాడు: "పెద్దమ్మ లెక్కల పెద్దమ్మ చేనుకే నీళ్ళెక్కువ పోతున్నయ్." నా జన్మలో అంత మాట పడలేదు. కొండల్ వెంటనే అందుకున్నాడు: "ఎవ్వరి నోరూ ఒద్దు. మిషన్ల పెడదాం. మిషన్‌కు చుట్టాలుండరు." మిషనే అయితే దాన్ని పట్నంలో కంప్యూటరు పని చేసే నా శ్రీసుధే చేయాలి అన్నాను. ఇంకో షరతు కూడా పెట్టాను. మిషన్ తీసి ఇచ్చే కాగితంలో ఏది వస్తే అదే ఖాయం, ఎవరూ నోరెత్తకూడదు. మోటరు స్టార్టరు డబ్బా ముట్టించి పది ఇళ్ళవాళ్ళతోనూ ఒట్టు వేయించాను. వీళ్ళకు సందు ఇస్తే రోజుకొక కథ చెప్తారు.

అమావాస్య సంగతి మరిచిపోకు. కొండల్ తండ్రి అమావాస్య నాడే స్టార్టరు ముట్టుకుని కరెంటు కొట్టి పోయాడు. అప్పటినుంచి ఆ రోజు మోటరు ఎవరం ముట్టం. ఆ రోజు ఎవరి వంతు పడ్డా అది పోదు, మర్నాటికి జరుగుతుంది. వెనకవాళ్ళందరూ ఒక రోజు వెనక్కి జరుగుతారు.

ఈ ఎండాకాలం నా చేనులో బీర పందిరి ఉంది. ఆ గింజ మా అత్త కొంగున కట్టి నాకిచ్చింది. పోయిన వానలకు కుండలో గింజ బూజు పట్టి పిడికెడే మిగిలింది, అదంతా వేసేశాను. ఈ పందిరి ఎండితే ఆ గింజ ఇక భూమ్మీద ఉండదు. అందుకే అడుగుతున్నాను. నీ మిషన్ సరిగ్గా చెప్తుందని ఎవరు తనిఖీ చేశారు? నువ్వే రాసి నువ్వే బాగుందంటే నేను ఒప్పుకోను.

నీ అమ్మమ్మ,
మాణిక్యమ్మ (వేలిముద్ర)


మీర్‌పేట్,
మార్చి 2007

అమ్మమ్మకు నీ సుధ నమస్కారాలు.

మా ఆఫీసులో కూడా నన్ను ఇలా నిలదీసేవాళ్ళు లేరు. ఉత్తరం చదివి అమ్మ ఒకటే నవ్వు. "ఆవిడ అద్దె తీసుకునేటప్పుడు కూడా నోటును ఎండకు పెట్టి చూసేది" అంది.

నీ ప్రశ్నకు జవాబు చెప్తాను. తనిఖీ చేసింది నేను కాదు. మా దగ్గర ఒక పనిముట్టు ఉంటుంది, దాన్ని బిల్డ్ టూల్ అంటాం. నేను రాసిన ప్రోగ్రామును దానికి అప్పగిస్తే ముందు పరీక్ష పెడుతుంది, తర్వాత ఇంకో కంప్యూటరుకు పంపేలా మూట కడుతుంది. ఏ ప్రశ్న అడగాలో, దానికి సరైన జవాబేమిటో నేను ముందే రాసిపెడతాను. పెద్దమ్మ తర్వాత ఎవరు? అమావాస్య నాడు కొండల్ వంతు పడితే మర్నాడు ఎవరిది? ఇలాంటివి. ఒక్క జవాబు తప్పినా ఎర్ర అక్షరాలు చూపించి అక్కడే ఆగిపోతుంది. మూట కట్టదు. అచ్చం నువ్వే! భిక్షంగారు చదివేదాకా నువ్వు కవరు అతికించవు కదా.

పరీక్ష పెట్టకుండానే కట్టేయమనే దొడ్డిదారి కూడా ఒకటుంది. నీ దగ్గర దాచడం ఎందుకు, ఉన్నమాట చెప్తున్నాను. నేను ఆ దారిన పోలేదు. అన్ని పరీక్షలూ నెగ్గాకే మూట కట్టించి, సీడీలో పెట్టి భిక్షంగారి దుకాణానికి విడిగా పంపాను. భిక్షంగారు తన కంప్యూటరులో ఆ సీడీ వేసి నెలకొకసారి వంతుల కాగితం తీస్తే చాలు. మోటరు గది గోడకు అంటించుకోండి.

ఏయే ప్రశ్నలు అడిగానో, ఏయే జవాబులు వచ్చాయో అంతా ఒక కాగితం మీద తీసి ఈ కవరులోనే పెడుతున్నాను. హిమజత్తతో ఒకసారి, భిక్షంగారితో ఒకసారి చదివించుకో. ఇంకా అనుమానం ఉంటే మల్లాతో కూడా!

ఎండలో ఎక్కువ తిరగకు.

నీ
సుధ


ఇబ్రహీంపట్నం,
మార్చి నెలాఖరు

శ్రీసుధకు మాణిక్యమ్మ రాయించేది.

కవరులో పెట్టానన్న కాగితం కవరులో లేదు. నీ ఉత్తరం ఒక్కటే ఉంది. భిక్షం కవరును వెలుతురుకు పట్టి, విప్పి అతికించిన గుర్తేమీ లేదన్నాడు. సీడీ ఉండేది భిక్షం దుకాణంలోనే, కాబట్టి అతన్ని కూడా లెక్కలో ఉంచాను. ఉత్తరం ముందు అందుకున్నది కొండల్. అది కూడా రాసుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఉగాది ముందటి కొత్త అమావాస్య నాడు వంతు నాకు పడింది. సరే, మర్నాడు పెట్టుకుంటాననుకుని తెల్లవారగానే పార పట్టుకుని వెళ్ళాను. అప్పటికే మల్లా మోటరు వేసి కాలువ తన చేనుకు తిప్పుకున్నాడు.

"ఇయ్యాల నాది గదరా" అన్నాను.

"కాయితం సూడు పెద్దమ్మా. ఇయ్యాల మల్లా అని ఉన్నది. నీది నిన్ననే అయిపోయింది."

"నిన్న అమాస."

"కాయితానికి అమాస ఎరుకనో లేదో నాకేం తెలుసు? కాయితమే ఖాయమని డబ్బ ముట్టిచ్చి ఒట్టేయించింది నువ్వే గదా!"

గట్టు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నా ఒట్టు నాకే ఉరి అయింది. కొండల్ ఒక్కడే నవ్వలేదు. పక్కకు వచ్చి మెల్లగా "నా వంతు తీస్కో పెద్దమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక చేత్తో నీళ్ళు ఆపి ఇంకో చేత్తో దానం చేసేవాడి ఎత్తు నాకు తెలియదా? మొన్న తెల్ల కారులో వచ్చినవాళ్ళకు గట్లు చూపించింది వాడే. నా చేను ఎండితే నేను అమ్ముకుంటాననే కదా వాడి ఆశ.

ఈ మాట చెప్పినప్పుడు హిమజ తల ఊపింది. తీరా భిక్షం చదివితే ఆ మాటే లేదు! మొగుడి పేరు వచ్చినచోట ఎగరగొట్టింది. చింపించి మళ్ళీ రాయించాను. నువ్వు చదువుతున్నది రెండో ప్రతి.

దొడ్డిదారి ఉందని నువ్వే రాశావు. ఆ దారి ఇంకెవరికైనా తెలుసా? ఎవరైనా నీ సీడీలో చేయి పెట్టగలరా? మాట తిప్పకుండా జవాబు రాయి. ఎండలో వంతు తప్పితే పందిరి మళ్ళీ వంతు దాకా ఆగాలి. ఆకులు ఇప్పటికే వాలిపోయాయి.

మాణిక్యమ్మ


మీర్‌పేట్,
ఏప్రిల్ మొదటివారం

అమ్మమ్మా,

ఆ కాగితం మా ఇంట్లో టీవీ మీదే ఉంది. ఆఫీసు బస్సు హారను కొడుతుంటే హడావిడిగా కవరు మూసేశాను. పెట్టాననే అనుకున్నాను. ఇవాళ దుమ్ము దులుపుతూ అమ్మ చూసింది. ఇప్పుడు పంపుతున్నాను. కొండల్ మామయ్య పాపం ఏమీ తీయలేదు.

నీ ఉత్తరం రాగానే పరీక్షలన్నీ మళ్ళీ పెట్టించాను. అన్నీ నెగ్గాయి. అమావాస్య పరీక్ష అయితే నా కళ్ళముందే నెగ్గింది. కొత్త అమావాస్య నాడు నీ వంతు పడితే మర్నాడు కూడా నీదే అని స్పష్టంగా చెప్తోంది. భిక్షంగారు పాత కాగితమేదైనా తీశారేమో అడుగు. సీడీలో ఎవరూ చేయి పెట్టలేరు.

అమ్మమ్మా, నిజం చెప్పు. నువ్వు అనుమానిస్తున్నది వాళ్ళనా, నన్నా?

సుధ


ఇబ్రహీంపట్నం,
ఏప్రిల్ నెలాఖరు

శ్రీసుధ గారికి,

గారు అన్నానని నొచ్చుకోకండి. తెలిసినవాళ్ళనుకున్నాను, కొత్తవాళ్ళయ్యారు.

చైత్ర అమావాస్య కూడా నాకే పడింది. మళ్ళీ మర్నాడు మల్లాదే అని వచ్చింది. పది ఇళ్ళున్నాయి. అమావాస్య ఇంకెవరి ఇల్లూ చూడకుండా వెతుక్కుంటూ నా ఇంటికే వస్తుందా? భిక్షం నా ఎదుటే కొత్తగా కాగితం తీశాడు. మీ సీడీయే, మీ అక్షరాలే. మీ దగ్గర మాత్రం సరిగ్గా చెప్తుందట, ఇక్కడికి రాగానే మాట మారుస్తుందట. పట్నంలో ఒక మాట, పల్లెలో ఒక మాట చెప్పేవాళ్ళను నేను చాలామందిని చూశాను. మిషన్‌ను ఇప్పుడే చూస్తున్నాను.

ఇంకొకటి. మొన్న కొండల్ మీర్‌పేట్‌లో బస్సు దిగాడు. కూరగాయలమ్మే సిద్దమ్మ అదే బస్సులో ఉంది, కళ్ళారా చూసింది. మీ వీధిలోకే మళ్ళాడట. ఇంటికి వచ్చాక ఎక్కడికి పోయావురా అని అడిగాను. "కందుకూరుకు పోయిన, యాప పిండి కోసం" అన్నాడు. చేతిలో వేప పిండి సంచి లేదు. మీరూ ఆ మాట నాకు రాయలేదు. వాడు మీ ఇంటికి ఎందుకు వచ్చాడు? ఏం ఇస్తానన్నాడు? మీరేం ఒప్పుకున్నారు?

ఇది చెప్తుంటే హిమజ కలం ఆగిపోయింది. "మీర్‌పేట్‌కా?" అంది. దాని మొహం చూస్తే దానికీ తెలియదనిపించింది. అయినా రాయమన్నాను. కన్నీళ్ళు పడి రెండు అక్షరాలు చెదిరాయి, దిద్దించలేదు.

పందిరి సగం ఎండిపోయింది. ఒక్క తీగను మాత్రం బిందెలతో మోసి బతికిస్తున్నాను. దానికి ఒక కాయ ఉంది. అది ముదిరితేనే గింజ. మోటరు గదికి నా తాళం వేశాను. తాళంచెవి నా నడుముకుంది. మీ జవాబు వచ్చేదాకా పది ఇళ్ళూ ఎండనీ.

మీరు ఇక్కడికి రావద్దు. ఎదురుగా కనిపిస్తే నా నోరు మెత్తబడుతుంది. కాగితం మీదే చెప్పండి.

మాణిక్యమ్మ


మీర్‌పేట్,
ఏప్రిల్ 30

అమ్మమ్మకు,

అవును, కొండల్ మామయ్య వచ్చాడు. ఎందుకొచ్చాడో చెప్పనని మాటిచ్చాను, అందుకే రాయలేదు. నీకు చెడు చేయడానికి కాదని మాత్రం రాస్తున్నాను. నమ్మడం, నమ్మకపోవడం నీ ఇష్టం.

నువ్వు రాసిన ఒక మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. నా దగ్గర ఒకలా, అక్కడ ఒకలా. నేను పరీక్షలు ఎప్పుడూ నా కంప్యూటరులోనే పెట్టాను. నీకు పంపిన సీడీని ఇంకెక్కడా వేసి చూడనే లేదు. ఆ పని చేసి రాస్తాను.

తాళం తీయి అమ్మమ్మా. నా మీద కోపం చేలకెందుకు?

సుధ


ఇబ్రహీంపట్నం,
మే మొదటివారం

శ్రీసుధకు,

తాళం నీ ఉత్తరం రాకముందే తీశాను. వేసిన సాయంత్రమే పశువులు ఎండిన తొట్టి చుట్టూ నిలబడి అరుస్తుంటే నడుముకున్న తాళంచెవి గుచ్చినట్టయింది. ఈ సంగతి నీకు ఆ ఉత్తరంలో చెప్పలేదు. నువ్వు భయపడాలని చెప్పలేదు.

ఇప్పుడు ఇంకో తమాషా జరిగింది. భిక్షం ఈ నెల కాగితం తీశాడు. వైశాఖ అమావాస్య ఈసారి నాకు పడలేదు. నా ముందు ఇల్లు కొండల్‌ది. వాడికి పడింది! మర్నాడు నాదే అని వచ్చింది. అంటే వాడి వంతు గంగలో కలిసి నాకు నీళ్ళు.

గోడ దగ్గర మల్లా ఏమన్నాడో తెలుసా? "ఇగ సూడున్రి! పట్నం పిల్ల పెద్దమ్మ మనిషే గదా. ముందుగాల తన వంతే పోయినట్టు నాటకమాడి, ఇప్పుడు కొండల్ అన్న వంతు గుంజుకుంటున్నది." నేను కొండల్‌ను అన్న మాటలన్నీ పూసగుచ్చినట్టు నాకే తిరిగి తగిలాయి. నన్ను, నిన్ను కలిపి దొంగలను చేశారు.

నా తరఫున మాట్లాడింది ఎవరనుకుంటున్నావు? కొండల్. "మల్లా, నోరు మూస్తవా పార అందుకోవాల్నా? పెద్దమ్మ తిడుతది. కానీ వంతు మాత్రం ఎన్నడూ దొంగతనం చెయ్యలే" అన్నాడు.

ఇంటికొచ్చి కూర్చుని ఆలోచించాను. డబ్బిచ్చి మిషన్‌ను తిప్పించినవాడు తన వంతునే పోగొట్టుకుంటాడా? అదీ అమావాస్య నాడు? ఆ రోజు మోటరు ముట్టకూడదన్న రూలు వాడి తండ్రి శవం మీద పుట్టింది. ఇంకేదాంట్లోనైనా వేలు పెడతాడేమో గానీ వాడు ఆ రోజుతో ఆడుకోడు. ఇది నాకు ముందే తట్టాల్సింది.

అలాగని వాడిని వదిలేశాననుకోకు. మీర్‌పేట్ ఎందుకు వచ్చాడన్న ప్రశ్న అలాగే ఉంది. తెల్ల కారు సంగతీ అలాగే ఉంది. అమావాస్య దగ్గర పడుతోంది. త్వరగా రాయి.

మాణిక్యమ్మ


మీర్‌పేట్,
మే 8

అమ్మమ్మా,

దొంగ దొరికింది. దొంగను నేనే.

నీకు పంపిన మూటనే అమ్మ పాత కంప్యూటరులో వేసి కాగితం తీశాను. అక్షరం పొల్లుపోకుండా భిక్షంగారి దగ్గర వచ్చిందే వచ్చింది. అమావాస్య అన్న రోజే లేనట్టు వంతులు వరసగా నడిచిపోయాయి. నా కంప్యూటరులో మాత్రం సరిగ్గా ఉంది. అప్పుడు మూట విప్పి లోపల ఏముందో చూశాను.

ఏడాది అమావాస్యలన్నీ గోడ క్యాలెండరు చూసి ఒక జాబితాగా రాసుకున్నాను. ఆ జాబితాను నా కంప్యూటరులో పరీక్షల సామాను ఉంచే గదిలో పెట్టాను. అక్కడున్న వస్తువులను బిల్డ్ టూల్ పరీక్షప్పుడు చూస్తుంది గానీ మూటలో కట్టదు. అది దాని పద్ధతి, తప్పు దానిది కాదు. జాబితా ఎదురుగా ఉంది కాబట్టి పరీక్షలన్నీ నెగ్గాయి. మూట మాత్రం జాబితా లేకుండా మీ ఊరొచ్చింది. జాబితా కనిపించకపోతే ఆగిపోవాలని కూడా నేను రాయలేదు. దాంతో అది అమావాస్యలే లేవనుకుని నోరు మూసుకుని పని చేసుకుపోయింది.

కవరులో పెట్టాననుకున్న కాగితం టీవీ మీద ఉండిపోయినట్టే, అమ్మమ్మా. ఒకే తప్పు రెండుసార్లు చేశాను. మొదటిసారి నువ్వు పట్టుకున్నప్పుడే నాకు బుద్ధి రావాల్సింది. ఉత్తరం చదివి సరిచూడటం ఒక్కటే చాలదు, కవరులో ఏమేం పడ్డాయో కూడా చూడాలి.

నీకే ఎందుకు పడిందంటావా? పది ఇళ్ళు మూడుసార్లు తిరిగితే ముప్పై రోజులు. అమావాస్య కూడా ముప్పై రోజులకో, ఒక రోజు తక్కువకో వస్తుంది. అందుకే తిరిగి తిరిగి నీ గుమ్మం ముందే ఆగింది. ఈసారి ఒక రోజు ముందొచ్చింది కాబట్టి నీ ముందున్న కొండల్ మామయ్యకు పడింది. ఎవరి కుట్రా లేదు.

ఇప్పుడు జాబితాను మూటలోకి చేర్చాను. అది కనిపించకపోతే కాగితమే రాకుండా చేశాను. కట్టిన మూటను అమ్మ కంప్యూటరులో విప్పి మళ్ళీ పరీక్ష పెట్టాను. కొత్త సీడీ భిక్షంగారికి విడిగా పంపుతున్నాను. నా మాట మీద మాత్రం తీసుకోవద్దు. గోడకు అంటించే ముందు మీ పది ఇళ్ళవాళ్ళూ తలా ఒక ప్రశ్న అడగండి.

ఇక మీర్‌పేట్ సంగతి. ఇచ్చిన మాట తప్పుతున్నాను, కొండల్ మామయ్య నన్ను తిట్టినా సరే. ఆయన వచ్చి మా వరండాలో నిలబడి, లోపలికి రాకుండానే అడిగాడు: "బిడ్డా, నా వంతు పెద్దమ్మకు పోయేటట్టు మిషన్ల రాస్తవా? నేనిస్తే తీస్కోదు. కాయితం ఇస్తే తీస్కుంటది. ఆమెకు ఎరుక కావొద్దు." అలా రాస్తే అది దొంగ లెక్క అవుతుంది మామయ్యా అన్నాను. తల దించుకుని వెళ్ళిపోయాడు. మంచినీళ్ళు కూడా తాగలేదు.

నన్ను మళ్ళీ 'గారు' అనకు అమ్మమ్మా. ఆ ఉత్తరం నేను అమ్మకు చూపించలేదు.

నీ
సుధ


ఇబ్రహీంపట్నం,
మే నెలాఖరు

శ్రీసుధ బిడ్డా,

గీ అక్షరాలు సూసి గాబరాపడకు. ఇయ్యాల రాస్తున్నది కొండల్ గాడు. హిమజ లెక్క వీనికి పుస్తకం భాష రాదు. నేనెట్ల అంటే గట్లనే గీకుతుండు.

నీ కొత్త సీడీ వచ్చింది. పదిండ్లోల్లం భిక్షం దుకాణంల జమైనం. తలా ఒక సవాలు అడిగినం. మల్లా గాడైతే పోయినేడు అమాసలు గూడ అడగబోయిండు, ఇది ఈ యేటి మందమే చెప్తదని భిక్షం చెప్పిండు. నీ మిషన్ అన్నిటికీ సక్కగ చెప్పింది. అటెన్కనే గోడకు పెట్టనిచ్చిన. మొన్న అమాస నాడు మోటరు ముట్టలేదు. డబ్బకు పసుపు కుంకుమ పెట్టినం. తెల్లారి కొండల్ గాడే నీళ్ళు పెట్టుకోవాల్నని కాయితంల వచ్చింది.

నావి పోయిన వంతులు మల్ల ఇస్తమని అందరన్నరు. ఒద్దన్న. కొండల్ గాడు తన వంతు నాకియ్యనీకె నీ కాడికి దొంగ లెక్క వచ్చిండంట గద, ఆ ఒక్కటి తీసుకున్న. తెల్లారి పందిరి కాడికి నీళ్ళు తానే తిప్పిండు. ఈసారి నేను ఒద్దనలే. అందరి ముందటనే తీసుకున్న.

నువ్వు మూట ఇప్పి సూసినవ్. నేనూ ఒక పరీక్ష పెట్టిన. కొండల్ గాణ్ని కూసుండవెట్టి గిదంతా రాయమన్న: "కొండల్ గాడు అబద్ధాలకోరు. మీర్‌పేట పోయి కందుకూరు పోయిన అన్నడు. సంచి లేకుంట యాప పిండి తెస్తడా గాడిద కొడుకు? తెల్ల కారోల్లకు గట్లు సూపిచ్చిండు. తన భూమి అమ్ముకుంటే అమ్ముకోని, నా గట్టు మీద కాలు పెడితే కాలు ఇరుగుతది. పెద్దమ్మతోని సాఫ్ సీదా మాట్లాడే ధైర్యం లేని పిరికోడు. గిసువంటోడు అయ్య లేకుంట నా ఇంట్లనే పెరిగిండు. నేను తిట్టిన తిట్లకు ఇంకోడైతే ఎన్నడో మొకం సూడకపోతుండె. వీడు సూసిండు."

రాసుడు అయినంక హిమజను పిలిచి సదివిచ్చిన. మొగని పేరు వచ్చిన కాడ గూడ ఆపలే. నేను చెయ్యి మీద చెయ్యేసుకొని ఇన్న. ఒక్క తిట్టు గూడ తక్కువ కాలే. నేను చెప్పని మాట గూడ ఒక్కటి కలవలే.

బీరకాయ ఎండింది. తీగ మీదనే గలగలమన్నది. గింజలు సగం నా కుండల పోసిన, సగం నీకు పంపుతున్న. కాయితం పొట్లంల కట్టి నా చేతులతోని నేనే కవర్ల పెట్టిన. అతికే ముందు మల్ల ఏలు పెట్టి సూసిన, ఉన్నది. నువ్వు కవరు చింపే ముందు బయటినుంచే జర తడిమి సూడు. పొట్లం తగలకుంటే చింపకు. నాకు ఫోన్ చెయ్యి. ఈసారికి ఫోన్‌ల మాట గూడ నమ్ముత.

మీ అమ్మను అడిగినట్టు చెప్పు. వానలు పడంగనే గింజలు పెట్టు.

నీ అమ్మమ్మ,
మాణిక్యమ్మ (వేలిముద్ర)